విజయనగరంలో 60 వేలతో పాటల సెట్: స్ట్రీమింగ్‌కెంత, రికార్డులకెంత?

గంటస్తంభం:

అందరికీ నమస్కారం. విజయనగరంలో 10 బై 12 అడుగుల గది. టైల్స్ నేల, ఒక గోడకి మంచం, ఎదురు గోడకి నాపరాయి అరలు. ఈ గదిలో పాటలు వినడానికి ఒక సెట్ అమర్చాలి. చేతిలో ఉన్నది మొత్తం 60 వేలు. తరవాత నెలకి 500 దాకా పెట్టుకోగలను.

ఇప్పుడున్నవి చెప్తాను. టీవీకి పెట్టిన 5.1 హోమ్ థియేటర్ సెట్, 50 ఎంబీపీఎస్ ఫైబర్ నెట్, ఇన్వర్టర్. రోజూ రెండు మూడు గంటలు ఫోన్ నుంచి బ్లూటూత్‌లో వింటున్నాం.

ఇంట్లో పెద్దవాళ్ళు దాచిన రికార్డులున్నాయి: నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్లు 14, 45 చుట్ల చిన్న ఈపీలు 40, 33 చుట్ల పెద్ద ఎల్పీలు 11. ప్లేట్లలో ఎక్కువ శాస్త్రీయ సంగీతమే, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ కూడా ఉంది. ఈపీలు దాదాపు అన్నీ ఘంటసాల, సుశీల సినిమా పాటలు. వేసి వినడానికి ప్లేయర్ మాత్రం లేదు.

డబ్బు సగం స్ట్రీమింగ్ వైపు, సగం రికార్డుల వైపు పెడితే సరిపోతుందా? లాస్‌లెస్ (నాణ్యత పోకుండా పాట పంపే) సభ్యత్వం పాత తెలుగు పాటలకి ఏమైనా ఉపయోగమా? టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కొని, ఉన్న హోమ్ థియేటర్‌కే తగిలిస్తే ఏటి నష్టం?

నాగావళి:

మాస్టారూ, సగం సగం లెక్క పక్కన పెట్టేయండి. పాట నెట్ నుంచి వచ్చినా, గాడిలోంచి వచ్చినా చివరికి ఒకే యాంప్ (యాంప్లిఫయర్) లోంచి, ఒకే జత స్పీకర్లలోంచి రావాలి. ఆ ఉమ్మడి ఖర్చు ముందు తీసేసి, మిగిలింది మాత్రమే రెండు వైపులా పంచుకోవాలి. నా లెక్క ఇది: స్పీకర్లకి, యాంప్‌కి కలిపి 32 వేలు, స్ట్రీమర్‌కి (నెట్ నుంచి పాట తెచ్చే పెట్టెకి) 8, టర్న్‌టేబుల్‌కి 15, రికార్డుల సంరక్షణకి 5. ఆ ఐదూ మిగిలిపోయిన చిల్లర అనుకోకండి, అందులోంచి తీసి స్పీకర్లకి కలపొద్దు.

హోమ్ థియేటర్ సంగతి ముందు చెప్తాను. ఆ చిన్న శాటిలైట్ డబ్బాల్లో రెండు మూడు అంగుళాల కోను ఉంటుంది. అది సుమారు 150 నుంచి 200 హెర్ట్జ్ కింద పలకలేదు గనక కింది భాగమంతా సబ్‌వూఫర్‌కి పంపేస్తారు. మగగొంతు అడుగు స్వరాలు సరిగ్గా అక్కడే, 100 నుంచి 200 మధ్యే ఉంటాయి. ఘంటసాల గారి పద్యం మంద్రంలోకి దిగినప్పుడు గొంతు సగం బల్ల మీది డబ్బాలోంచి, సగం మూలనున్న సబ్‌లోంచి వస్తుంది. దీని మీద ఎంత మంచి టర్న్‌టేబుల్ పెట్టినా ఆ చీలిక పోదు. టీవీకి దాన్ని అలాగే ఉంచండి.

కొత్తగా కావలసింది 5 లేదా 6.5 అంగుళాల ఊఫర్ (కింది స్వరాలు పలికే కోను) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత, ఒక స్టీరియో యాంప్. 87 డెసిబెల్ సెన్సిటివిటీ (ఒక వాట్‌కి మీటరు దూరంలో వచ్చే శబ్దం) ఉన్న స్పీకర్లయితే రెండు మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్ళకి ఒక వాట్‌తోనే గది నిండిపోతుంది. కాబట్టి 8 ఓమ్‌ల దగ్గర నిజమైన 40 వాట్లు చాలు. డబ్బా మీద 'పీఎంపీఓ' అని వేలల్లో వేసిన అంకెని లెక్కలోకి తీసుకోవద్దు. యాంప్ వెనక కనీసం రెండు ఆర్‌సీఏ ఇన్‌పుట్లు (ఎరుపు, తెలుపు పిన్నులు దూరే రంధ్రాల జతలు) ఉండాలి, ఒకటి స్ట్రీమర్‌కి, ఒకటి టర్న్‌టేబుల్‌కి. ఒక్కటే ఉంటే రోజూ తీగలు మార్చాలి, నాలుగు రోజులకి రికార్డులు వేయడమే మానేస్తారు.

గది విషయం. 10 బై 12లో 12 అడుగుల వైపు పొడుగు చేసుకుని, పొట్టి గోడ ముందు స్పీకర్లు పెట్టండి. గోడకి అడుగు నుంచి అడుగున్నర దూరం, ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న భాగం) చెవి ఎత్తున, రెండు స్పీకర్ల మధ్య దూరం ఎంతో మీకూ స్పీకర్‌కీ మధ్య దూరం ఇంచుమించు అంతే. టైల్స్ నేల, సున్నపు గోడలు ఉన్న గదిలో చప్పట్లు కొడితే ఠంగుమని వెనక్కి తగులుతుంది. ఆ మోత మీద ఏ పాటైనా కరుకుగానే ఉంటుంది. స్పీకర్లకీ మీకూ మధ్య నేల మీద మందమైన దుప్పటో బొంతో పరవండి, మంచం మీది పరుపు ఎలాగూ కొంత పీల్చుకుంటుంది. కిటికీకి పొందూరు ఖాదీ పలచటి తెర కడితే అందమే గానీ శబ్దం పీల్చే పని దాని వల్ల కాదు, అక్కడ మందపాటి గుడ్డ మడతలు మడతలుగా వేలాడాలి. ఇదంతా ఇంట్లో ఉన్నవాటితోనే అయిపోతుంది.

ఇక స్ట్రీమింగ్. బ్లూటూత్‌లో ఏం జరుగుతుందంటే, సేవవాడు ఒకసారి కుదించి పంపిన పాటని ఫోన్ విప్పి, బ్లూటూత్ కోసం మళ్ళీ కుదిస్తుంది. రెండో కుదింపు లేకుండా చేయడమే మొదటి మెరుగు. వైఫైలో నేరుగా నెట్ నుంచి పాట లాక్కునే వైమ్ మినీ, వైమ్ ప్రో లాంటి చిన్న పెట్టెలు ఆ పని చేస్తాయి, ఫోన్ రిమోట్‌లా ఉంటుంది అంతే. కాల్ వస్తే పాట ఆగదు. ఆ 8 వేలు కూడా మిగుల్చుకోవాలంటే పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి యాంప్ పక్కనే పెట్టి, యూఎస్‌బీ డీఏసీ డాంగిల్ (డిజిటల్ పాటని యాంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిన్న తీగ) తగిలించండి. ఆపిల్ డాంగిల్ చవకే, మంచిదే గానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని శబ్దం బాగా తగ్గిపోయి వస్తుంది, కొనేముందు తగిలించి చూసుకోండి.

లాస్‌లెస్ అంటే సీడీ స్థాయి: 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, కుదించక ముందు 1411 కేబీపీఎస్. ఎఫ్‌ఎల్‌ఏసీగా (నాణ్యత పోకుండా కుదించిన ఫైలుగా) మారాక గంటకి 400 ఎంబీ అటూ ఇటూ. 320 కేబీపీఎస్ అయితే గంటకి 144 ఎంబీ. మీ ఫైబర్‌కి రెండూ లెక్కలోవి కావు. కొత్త పాటలకి, బాగా రికార్డు చేసిన కచేరీలకి లాస్‌లెస్ తీసుకోండి, ఆపిల్ మ్యూజిక్‌లో 2021 నుంచి అది అదనపు రుసుం లేకుండానే వస్తోంది. పాత తెలుగు పాటల దగ్గర మాత్రం అసలు ప్రశ్న వేరు. ఆ పాటని డిజిటల్‌లోకి ఎక్కించినవాళ్ళు దేన్నుంచి ఎక్కించారు, ఎక్కించాక ఏం చేశారు అన్నదే నాణ్యతని తేలుస్తుంది. అరిగిన ప్లేటు నుంచి తీసి, చిరచిర పోగొట్టడానికి నాయిస్ రిడక్షన్ గట్టిగా వాడితే దాన్ని లాస్‌లెస్‌లో పంపినా ఆ దెబ్బ అలాగే చేరుతుంది.

గుర్తుపట్టడం సులువే. స, శ అక్షరాల చివర నీళ్ళలోంచి వచ్చినట్టు గుడగుడ ఉందా చూడండి. మాటకీ మాటకీ మధ్య గది నిశ్శబ్దం కూడా లేకుండా కత్తిరించినట్టు ఉంటే రిడక్షన్ ఎక్కువైందన్నమాట. ఒకే పాట రెండు ఆల్బమ్‌లలో ఉంటే రెండూ వినండి. ఒకదాని శ్రుతి ఇంకోదానికంటే పావు స్వరం ఎక్కువుంటే ఎవరో వేగం తప్పించి ఎక్కించారు. తర్వాతి కాలంలో డోలక్, కీబోర్డు కలిపిన రూపాలు కూడా అదే పేరుతో తిరుగుతుంటాయి, పాట మొదటి పది సెకన్లలోనే తెలిసిపోతుంది. మంచి కాపీ దొరికిన ఆల్బమ్‌ని లైబ్రరీలో దాచుకోండి, వెతుకులాట ప్రతిసారీ ఉండదు.

ఇంకొకటి, యాప్‌లో 'వాల్యూమ్ నార్మలైజేషన్' ఆన్‌లో ఉంచండి. లేకపోతే ఇప్పటి పాట తరవాత 1960ల పాట రాగానే శబ్దం పడిపోయి, పాత పాటలో పస లేదనిపిస్తుంది. రికార్డుతో పోల్చి చూసేటప్పుడు కూడా రెండింటినీ ఒకే శబ్దానికి తెచ్చాకే తేల్చండి. కొంచెం బిగ్గరగా ఉన్నదే చెవికి మంచిదనిపిస్తుంది.

వంశధార:

నాగావళి గారి ఉమ్మడి ఖర్చు మాట సరైనదే. టర్న్‌టేబుల్‌కి 15 అని గీత గీసేయడం దగ్గరే నాకు అభ్యంతరం. అందులో వచ్చే ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ లాంటిది 33, 45 మీదే తిరుగుతుంది. 78 మీద తిరగదు. అడిగినాయన దగ్గరున్న ద్వారం వారి ప్లేటు దాని మీద వేయడానికే లేదు.

వేగం ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. ముల్లు కూడా వేరే ఉండాలి. ఎల్పీ, ఈపీ గాడికి ముల్లు మొన సుమారు 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 18 మైక్రాన్లు. 78 గాడికి 3 మిల్, 76 మైక్రాన్లు. ఎల్పీ ముల్లుతో 78 వేస్తే అది గాడి గోడల్ని తాకకుండా అడుక్కి దిగి, ఏళ్ళ నాటి మట్టిలో గీసుకుంటూ పోతుంది. చిరచిర తప్ప వయొలిన్ వినబడదు, ముల్లూ పాడవుతుంది. దీనికి తోడు ఈక్వలైజేషన్, అంటే రికార్డు కోసేటప్పుడు మార్చిన బేస్, ట్రెబుల్ పాళ్ళని వినేటప్పుడు తిరిగి సరిచేయడం. ఇప్పటి మామూలు ఫోనో ప్రీయాంపులన్నీ (ముల్లు ఇచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచేవి) 1954లో ప్రమాణంగా వచ్చిన ఆర్‌ఐఏఏ వంపుకి కట్టినవి. అంతకు ముందు ప్లేట్లు కంపెనీకో రకంగా, ట్రెబుల్ పెద్దగా పెంచకుండా కోసినవి. ఆర్‌ఐఏఏ వాటి ట్రెబుల్‌ని తగ్గించేస్తుంది, కమాను రాపిడి పోయి వయొలిన్ మూగగా వస్తుంది.

మూడు వేగాలూ ఉన్నది ఎల్‌పీ120ఎక్స్ యూఎస్‌బీ. దాంతో వచ్చే వీఎం95ఈ కార్ట్‌రిడ్జ్ (ముల్లు తగిలే భాగం) ఒంటికే 78ల ముల్లు వీఎంఎన్95ఎస్‌పీ కూడా లాగి తగిలించుకోవచ్చు. వీఎం95ఈకి రికార్డు మీద ఆనే బరువు 2 గ్రాములు, ఎస్‌పీకి 5 గ్రాములు. టోన్‌ఆర్మ్ (ముల్లుని మోసే చెయ్యి) మీది అంకెలు 4 దగ్గర అయిపోతాయి గనక దాని వెనకనున్న బరువుని ఇంకా ముందుకి తిప్పి, డిజిటల్ ముల్లు తూకంతో 5 చూసుకోవాలి. అయితే ఆ బల్ల (టర్న్‌టేబుల్), ఆ ముల్లు కలిపితే మీ 60లో సగం దాటుతుంది. స్పీకర్లకి సరిపడా మిగలదు.

అందుకే కొనేముందు ఒక కాగితం మీద లెక్క వేయండి. 78 పక్కకి మూడుంబావు నిమిషాలు పట్టుకుంటే 14 ప్లేట్లకి 28 పక్కలు, మొత్తం గంటన్నర సంగీతం. ఈపీకి 13 నిమిషాలు చొప్పున 40కి దాదాపు 9 గంటలు. ఎల్పీకి 40 నిమిషాలు చొప్పున 11కి 7 గంటలు. మొత్తం పదిహేడున్నర గంటలు. ఇప్పుడు ప్రతి రికార్డు మీది పాట పేరూ రాసి, స్ట్రీమింగ్‌లో వెతికి, పక్కన మూడింటిలో ఒకటి రాయండి: ఉంది బాగుంది, ఉంది బాగాలేదు, లేదు. రికార్డుల వైపు ఎంత పెట్టాలో ఆ రెండో, మూడో గడుల లెక్కే చెప్తుంది. ఈపీల్లో ముప్పావు వంతు 'ఉంది బాగుంది' అయితే ఎల్‌పీ60ఎక్స్ కూడా సరదా ఖర్చే. మూడో గడి నిండితే స్ట్రీమర్ మానేసి డాంగిల్‌తో సరిపెట్టి, ఆ డబ్బు బల్లకి మళ్ళించండి.

గంటస్తంభం:

లెక్క వేశాను. ఈపీల్లో సగం పైన బాగానే దొరుకుతున్నాయి, ఓ పదిహేను ఈపీలు రెండు మూడు గడుల్లోకి వచ్చాయి. ఎల్పీల్లో నాలుగు దొరకలేదు. 78ల్లో ఎక్కువ భాగం లేవు, ఉన్నవి కూడా గుడగుడ రకమే. గంటన్నర సంగీతం కోసం ఖరీదైన బల్ల కొనడం కుదరదు గానీ ఆ ప్లేట్లు వదులుకోలేను. వేరే దారి ఏదైనా ఉందా? ఇన్వర్టర్ మీద టర్న్‌టేబుల్ నడపొచ్చా?

వంశధార:

ఉంది. 78ల్ని మీరు వేయొద్దు. సరైన సామగ్రి ఉన్నవాళ్ళ చేత ఒకసారి డిజిటల్‌లోకి ఎక్కించండి. గంటన్నర ఫైళ్ళు మీ స్ట్రీమర్‌లోనే, అవే స్పీకర్లలో జీవితాంతం వినొచ్చు. రికార్డుల ఖర్చు, డిజిటల్ ఖర్చు వేర్వేరు కావని నేను అనేది ఇందుకే. పక్కకి ఇంత అని బేరం మాట్లాడుకోండి, కానీ పని ఇచ్చేముందు ఇవి అడగండి. 3 మిల్ ముల్లు ఉందా? ముల్లు సైజులు రెండు మూడు ఉంటే మరీ మంచిది, అరిగిన చోటు తప్పించి గాడిలో పైనో కిందో ఆనించొచ్చు. అసలు 78 వేగం మీదే తిప్పుతారా? 45 మీద తిప్పి కంప్యూటర్లో వేగం పెంచితే ఈక్వలైజేషన్ కూడా తప్పిపోతుంది, దాన్ని విప్పి మళ్ళీ వేయడం తెలిసినవాళ్ళయితేనే ఒప్పుకోండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, ఏ నాయిస్ రిడక్షనూ లేని ముడి ఫైలు మీకు ఇవ్వాలి. శుభ్రం చేసిన ఫైలు దానికి అదనం. ముడి ఫైలు ఉంటే పదేళ్ళకి మంచి సాఫ్ట్‌వేర్ వచ్చినా మళ్ళీ శుభ్రం చేయించుకోవచ్చు. ఆ స్థాయిలో గంటకి 2 జీబీ చొప్పున మొత్తం 3 జీబీ, ఒక పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వేరే చోట ఇంకొకటి దాచండి.

ప్లేట్లు బస్సులో తీసుకెళ్తుంటే నిలబెట్టి, మధ్య మధ్య అట్టలు పెట్టి, గట్టి డబ్బాలో కదలకుండా బిగించండి. 78 ప్లేటు లక్కతో చేసింది, గాజులాంటిది, అంచు మీద చిన్న దెబ్బ తగిలినా బిళ్ళ ఊడిపోతుంది.

ఈపీలకి, ఎల్పీలకి ఎల్‌పీ60ఎక్స్ సరిపోతుంది. దాని ముల్లు గుండ్రటి మొన, బరువు కార్ఖానాలోనే కట్టేసి ఉంటుంది, మీరు ఏదీ తిప్పక్కర్లేదు. కంపెనీ లెక్క ప్రకారం గుండ్రటి ముల్లు ఆయుష్షు 500 గంటలు, వీఎం95ఈ లాంటి ఎలిప్టికల్‌ది 300, మైక్రోలైన్‌ది 1000. రోజుకో గంట రికార్డులు వింటే గుండ్రటిది ఏడాదిన్నర లోపలే మార్చాలి. మీ నెలవారీ 500లో సభ్యత్వానికి 150 పోయిందనుకుంటే మిగతా 350 ఏడాదికి 4200 అవుతుంది. ముల్లు, కవర్లు, 78ల ఎక్కింపు అన్నీ అందులోంచే నడిపించొచ్చు. అరిగిన ముల్లుతో లాగించడం మాత్రం పొదుపు కాదు, మొన పదునెక్కి గాడి గోడల్ని చెక్కేస్తుంది. స, శ అక్షరాలు బరబర మొదలయ్యాయంటే, ముఖ్యంగా పక్క చివరి పాటలో, మార్చే సమయం వచ్చిందని.

చివరి పాట అని ఎందుకన్నానంటే, ఎల్పీ బయటి అంచు దగ్గర గాడి సెకనుకి 51 సెంటీమీటర్లు ముల్లు కింద పరిగెడుతుంది, లోపలి అంచుకి వచ్చేసరికి 21కి పడిపోతుంది. అదే పాట సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కుంటుంది, అక్కడే బరబర ముందు బయటపడుతుంది. కొత్త ముల్లుతో కూడా ఒక్క రికార్డులోనే అలా వస్తే అది పాత సూట్‌కేసు ప్లేయర్ల బరువైన ముల్లు చేసిన అరుగుదల. దానికి మందు లేదు.

నాగావళి:

వంశధార గారి లెక్కకి ఒప్పుకుంటున్నాను. ఆ పదిహేను ఈపీలు, నాలుగు ఎల్పీలు కూడా ఇంట్లోనే ఫైళ్ళుగా మార్చుకోవచ్చు. ఎల్‌పీ60ఎక్స్‌లో యూఎస్‌బీ ఉన్న రకం వేరే ఉంది, అదే తీసుకోండి, రికార్డింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో మాత్రం పెట్టకండి, చాలా వాటిలో అది ఒక్క చానెలే. రికార్డింగ్ లెవెల్ పాటలో అతి గట్టి చోట మైనస్ 6 డెసిబెల్ దగ్గర ఉండేలా పెట్టండి. గీత పడ్డ చోట టిక్కుమనేది అంతకంటే పైకి ఎగరనీయండి, పాట ముఖ్యం.

ఆ కాలపు సినిమా ఈపీలు చాలావరకు మోనో, అంటే రెండు చానెళ్ళలోనూ ఒకే శబ్దం. స్టీరియో ముల్లు పైకీ కిందకీ కదిలే కదలికని కూడా చదువుతుంది. మోనో గాడిలో పాటంతా పక్కలకే ఉంటుంది, పైకీ కిందకీ ఉండేది దుమ్మూ రొదే. రెండు చానెళ్ళూ కలిపి మోనో చేస్తే ఆ రొదలో మంచి భాగం కొట్టుకుపోతుంది. ఆడాసిటీలో కలిపేముందు ఎడమ, కుడి విడివిడిగా వినండి, ఒక గోడ బాగా అరిగి ఇంకోటి శుభ్రంగా ఉంటే ఆ ఒక్కటే తీసుకోండి. రికార్డు నేరుగా వినేటప్పుడు యాంప్‌లో మోనో మీట ఉంటే అదే పని చేస్తుంది, కాబట్టి యాంప్ కొనేటప్పుడు ఆ మీట ఉన్నదానికి మొగ్గు చూపండి.

బొబ్బిలి వీణ:

కరెంటు, గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. మన జిల్లాల్లో రికార్డుని, యాంప్‌ని పాడుచేసేవి ఈ రెండే, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

ఇన్వర్టర్ సైన్‌వేవ్ రకమైతే నడపొచ్చు. స్క్వేర్‌వేవ్ రకమైతే యాంప్ ట్రాన్స్‌ఫార్మర్ జుయ్యిమంటుంది, ఆ జుయ్యి పాటలోకి వస్తుంది. అడాప్టర్ మీద నడిచే టర్న్‌టేబుల్ వేగం ఇన్వర్టర్ వల్ల మారదు. నేరుగా ఏసీ మోటారు ఉన్న పాత బల్లలకే 50 హెర్ట్జ్ కాస్త తప్పినా శ్రుతి జారుతుంది. వేగం పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. లేబుల్ అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ముల్లు రికార్డు మీద ఉండగా 33 వేగంలో లెక్కపెట్టండి: మూడు నిమిషాల్లో సరిగ్గా 100 చుట్లు. 99 దగ్గర ఆగితే ఒక శాతం తక్కువన్నమాట, వీణ పక్కన పెట్టి వాయించుకునేవాళ్ళకి అది తెలుస్తుంది. రూటర్‌కి ఒక మినీ యూపీఎస్ పెట్టండి, లేకపోతే ఇన్వర్టర్ అందుకునే క్షణంలో నెట్ పోయి స్ట్రీమింగ్ మళ్ళీ మొదలయ్యేసరికి రెండు నిమిషాలు పడుతుంది.

రికార్డు వేయగానే సన్నటి హమ్ వస్తే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపి చూడండి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ రెండో నంబరు, మూడో నంబరు మీద ఉన్నప్పుడు రొద ఎక్కువగా వదులుతుంది, ఫోనో ప్రీయాంప్ మిల్లీవోల్టుల్ని పెంచేది గనక దాన్ని కూడా పెంచేస్తుంది. స్టెప్ టైపు కెపాసిటర్ రెగ్యులేటర్ మారిస్తే పోతుంది, ఎలక్ట్రీషియన్‌కి పదినిమిషాల పని. ఫ్యాన్ ఆపినా హమ్ ఉంటే ఎర్తింగ్ చూపించండి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరులో రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఎండాకాలంలో ఎర్త్ గొయ్యి ఎండిపోతే అది పెరుగుతుంది, ఉప్పు, బొగ్గు వేసిన పాత గొయ్యికి రెండు బకెట్ల నీళ్ళు పోసి మళ్ళీ కొలవండి. టర్న్‌టేబుల్‌కి విడిగా సన్నటి ఎర్త్ తీగ ఉన్న రకమైతే దాన్ని యాంప్ వెనక స్క్రూకి బిగించాలి, గాల్లో వదిలేస్తే హమ్ ఖాయం.

టర్న్‌టేబుల్ ఆ నాపరాయి అర మీద పెట్టండి, బరువైన రాయి కదలదు, మంచి చోటు. స్పీకర్లు మాత్రం అదే అర మీద వద్దు. బేస్ అదురు రాయిలోంచి ముల్లుకి పాకి మళ్ళీ స్పీకర్‌లోకి వెళ్ళి గుమ్మని ఊళ వేస్తుంది. బల్ల సమంగా ఉందో లేదో మేస్త్రీ మట్టంతో రెండు దిక్కులా చూడండి.

ఇక బూజు. జూన్ నుంచి తుపానుల కాలం అయ్యే దాకా గాలిలో తేమ ఉన్నన్నాళ్ళూ కాగితం కవరు తేమ పట్టి, బూజు కవరు నుంచి గాడిలోకి దిగుతుంది. తెల్లటి చుక్కలు దుమ్ము అనుకుని పొడి గుడ్డతో రుద్దితే గాడిలోకి ఇంకా అణిగిపోతాయి. ఈపీ, ఎల్పీలకైతే డిస్టిల్డ్ వాటర్ లీటరులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లు, రెండు చుక్కలు వాసన లేని డిష్‌వాష్ ద్రవం. మెత్తటి మైక్రోఫైబర్‌తో గాడి వెంట గుండ్రంగా తుడిచి, ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. లేబుల్ తడవకుండా చూసుకోండి. కుళాయి నీళ్ళు వద్దు, ఆరాక ఉప్పు పొర గాడిలో మిగిలిపోతుంది. బ్యాటరీ దుకాణంలో కొంటే డిస్టిల్డ్ వాటర్ అని గట్టిగా అడగండి, అక్కడే యాసిడ్ కూడా అమ్ముతారు.

78 ప్లేట్లకి ఈ ద్రవం వాడొద్దు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఒక్క తుడుపుతో గాడి నిగనిగలాడిపోయి, పాట పోతుంది. వాటికి డిస్టిల్డ్ వాటర్, చుక్క డిష్‌వాష్, అంతే. నానబెట్టకుండా తడి చేసి వెంటనే ఆర్చండి, ఎక్కించడానికి పంపేముందు ఈ పని ఒక్కసారి చేస్తే చాలు.

కడిగినవాటిని పాత కాగితంలోకి తిరిగి దూర్చకండి. కొత్త పాలిథీన్ లోపలి కవర్లు వేయండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, ఏళ్ళ మీద రికార్డు మీద మబ్బు పొర వేస్తాయి. బట్టల బీరువాలో కలరా ఉండల పక్కన పెట్టకండి, ఆ వాసన అట్టలకి పట్టి పోదు. అర మీద నిటారుగా, ఒకదానికొకటి ఆనుకుని, ఒరగకుండా. వంద ఎల్పీలు కవర్లతో పాతిక కిలోల దాకా ఉంటాయి, ప్లైవుడ్ అర వంగుతుంది, మీ రాతి అర మంచిది. అటక మీద పెట్టకండి, మే నెలలో శ్లాబు కింద వేడికి ఒకదాని మీద ఒకటి పేర్చినవి గిన్నెలా వంగుతాయి. సిలికా జెల్ పొట్లాలు రెండు అరలో పెట్టి, రంగు మారినప్పుడు పెనం మీద సన్నసెగన వేడి చేసి మళ్ళీ వాడుకోండి. తుపాను హెచ్చరిక వస్తే కింది అర ఖాళీ చేయండి, ప్లగ్గులు, నెట్ కేబుల్ పీకేయండి. నీళ్ళు తగిలితే అదే రోజు అట్టల్లోంచి తీసేయాలి, తడి కాగితం ఆరుతూ రికార్డుకి అతుక్కుంటుంది. ఎండలో మాత్రం ఆరబెట్టకండి.

గంటస్తంభం:

అందరికీ ధన్యవాదాలు. స్పీకర్లు, యాంప్‌కి 32, స్ట్రీమర్ 8, యూఎస్‌బీ ఉన్న ఎల్‌పీ60ఎక్స్ 15, కవర్లు, ద్రవం, 78ల ఎక్కింపు మొదటి విడతకి 5. ఇలా ఖాయం చేసుకుంటున్నాను. ఎల్‌పీ60ఎక్స్ వెనక 'ఫోనో, లైన్' అని స్విచ్ ఉందట, దేని మీద పెట్టాలి?

వంశధార:

యాంప్‌లో మామూలు ఆర్‌సీఏ ఇన్‌పుట్‌కి పెడితే 'లైన్' మీద. యాంప్ వెనక 'ఫోనో' అని రాసిన ఇన్‌పుట్ ఉండి అందులో పెడితే 'ఫోనో' మీద. రెండు ప్రీయాంపులూ (ఎల్‌పీ60ఎక్స్ లోపలిదీ, యాంప్‌లోదీ) ఒకేసారి పనిచేస్తే పాట పగిలిపోయి బేస్ మోతెక్కిపోతుంది. రెండూ పనిచేయకపోతే శబ్దం వాల్యూమ్ మొత్తం తిప్పినా గుసగుసలా, పలచగా వస్తుంది. స్విచ్ మార్చేముందు యాంప్ వాల్యూమ్ సున్నాకి తిప్పండి. పైన సైజు మీట ఒకటి ఉంటుంది, ఈపీకి 17, ఎల్పీకి 30 సెంటీమీటర్లు. అది 30 మీద ఉండగా ఈపీ వేసి స్టార్ట్ నొక్కితే టోన్‌ఆర్మ్ బయటి చాప మీద దిగి ముల్లు గీసుకుంటుంది. ఇంట్లో అందరికీ ఆ మీట చూపించండి.